అద్దము చూపును, కడగలేదు

హైదరాబాదు పాతబస్తీ అనగానే చార్మినారు, మక్కా మసీదు, లాడ్ బజారు గాజులు మనసుకు వస్తాయి. ఆదికాండము మూడవ అధ్యాయమును జ్ఞాపకము చేసే రెండు చోట్లు కూడ అక్కడ మూసీ నదికి ఇరువైపుల ఉన్నవి. పట్నము వెళ్లే సంఘస్థులు వాటిని చూచి రావాలని మా కోరిక.

మొదటిది నదికి దక్షిణపు ఒడ్డున, దారుషిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియము. మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో దిగితే దగ్గరే. శుక్రవారము సెలవు. నిజాముల వద్ద దివానులుగా పనిచేసిన సాలార్‌జంగ్ కుటుంబమువారు సేకరించిన వస్తువులతో ఇది 1951లో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి మారినది. జనము ఎక్కువగా గంటలు కొట్టే గడియారము దగ్గర గుమిగూడుతారు. మమ్మును నిలబెట్టినది మాత్రము ఒక కొయ్యబొమ్మ.

అది 19వ శతాబ్దపు ఫ్రెంచి శిల్పము, మనిషంత ఎత్తు. ముందువైపు తల ఎగరవేసి, వెటకారముగా నవ్వుచున్న మెఫిస్టోఫిలిస్ అను దయ్యము. వెనుక పెద్ద అద్దము. అందులో చూస్తే, అదే దుంగకు రెండవ ప్రక్కన తల వంచుకొని, ప్రార్థన పుస్తకము పట్టుకొన్న మార్గరెట్టా అను యువతి. జర్మను కవి గోథే 1808లో ప్రచురించిన 'ఫౌస్ట్' నాటకములోని పాత్రలివి.

మనిషిలో మంచీ చెడూ మొదటినుండి ఇలాగే కలిసి ఉన్నాయని బొమ్మను చూచినవారికి తోచవచ్చు. వాక్యము చెప్పునది వేరు. దేవుడు చేసినదంతయు మంచిదే. నరుని చేసిననాడు అతనిలో పాపము లేదు. దేవుని మాటను కాదని, అపవాది మాటకు చెవి ఒగ్గినప్పుడు అది లోపలికి వచ్చినది. ఒక్కని ద్వారా వచ్చినది అందరికి సంక్రమించినదని రోమా పత్రిక అయిదవ అధ్యాయము బోధిస్తున్నది.

తప్పు బయటపడగానే ఆదాము హవ్వను చూపాడు. హవ్వ సర్పమును చూపింది. ఆ వాడుక నేటికీ మన ఇండ్లలో ఉన్నది. త్రాగి వచ్చినవాడు స్నేహితులను చూపుతాడు. పొలముగట్టు జరిపినవాడు, పొరుగువాడే ముందు జరిపాడంటాడు. అయితే ఆ అద్దములో దయ్యము, యువతి మాత్రమే కాదు, ఎదుట నిలిచిన మన ముఖము కూడ కనబడుతుంది.

ధర్మశాస్త్రము అట్టి అద్దమే. ముఖముమీది మసిని చూపును, కడగలేదు. నాటకములో మార్గరెట్టా తన బిడ్డను చంపి చెరసాలలో పడుతుంది. తప్పించుటకు ఫౌస్టు, దయ్యము సహాయముతో వస్తే, ఆమె వెళ్లక తన్ను తాను దేవుని తీర్పునకు అప్పగించుకొంటుంది. పారిపోవుట విమోచన కాదని ఆమెకు తెలిసినది. మరి విమోచన ఎక్కడ?

ఈ ప్రశ్నతో నయాపూల్ వంతెన దాటి, అవతలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు వెళ్లాలి. మనము చూడవలసిన రెండవ చోటు అదే. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఆనాడు ఇక్కడి చింతచెట్టు ఎక్కి, కొమ్మలు పట్టుకొని, సుమారు 150 మంది బ్రదికారు. ఎక్కినవాడు నవాబో కూలివాడో, నీతిమంతుడో దొంగో చెట్టు అడుగలేదు. ఈతగాని బలము కాదు, కొమ్మ బలమే వారిని కాచినది.

ఏదెనులో ఒక చెట్టువైపు చెయ్యి చాచుటవలన మనము పడిపోయాము. కల్వరిలో సిలువ మ్రానుమీద ప్రభువు మన పాపములను మోసి మనలను లేవనెత్తాడు. చింతచెట్టు వరదను తట్టుకొని నిలిచినది. ప్రభువైతే మనమీదికి రావలసిన వరదను తనమీదికి తెచ్చుకొని, ప్రాణము పెట్టి, మూడవ దినమున లేచాడు. చెట్టుకును ఆయనకును ఉన్న భేదమిదే.

వరద రాత్రి చెట్టు దగ్గరుండి కూడ ఎక్కనివారికి దానివలన ఏమి మేలు? సంఘములో పేరుండుట చెట్టుక్రింద నిలుచుట వంటిదే. ప్రియులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఎవరి తప్పును వారే ఒప్పుకొని ఆ మ్రానును పట్టుకొందము. ఇంటి యజమానుడే మొదలుపెడితే పిల్లలకు ధైర్యము కలుగుతుంది.