ఏదోము కొండలపై

పెట్రా చూడవచ్చిన యాత్రికులలో పెక్కుమంది సీక్ అను ఇరుకు కనుమ వెంట కిలోమీటరుకు పైగా నడచి, ఎఱ్ఱని కొండచరియను తొలిచి మలచిన ఖజ్నె యెదుట నిలిచి, తృప్తులై మరలుదురు. ఆ శిల్పము నబతీయులది. నేను వెదకవచ్చినది వారికి పూర్వమేలిన ఏదోమీయుల జాడ. పాత నిబంధనలో అన్నింటికంటె చిన్నదియు, 21 వచనములు మాత్రమే కలదియు నగు ఓబద్యా గ్రంథమును బాల్యమునుండి చదువుచున్నను, అందు వర్ణితమైన కొండసందుల నివాసమును కన్నులార చూడవలెనను కోరిక నన్ను విడువలేదు.

ఉమ్మ్ అల్-బియారా శిఖరము లోయకు సుమారు 300 మీటర్ల ఎత్తున నున్నది. రాతిలో తొలిచిన మెట్లు అరిగిపోయినచోటనెల్ల బెడూయిన్ యువకుడొకడు చేయి అందింపగా పైకెక్కితిని. అచట పలుచని రాతిపలకలను పేర్చి కట్టిన మొండిగోడలు వరుసగా కనబడినవి. 1960వ దశకమున క్రిస్టల్ బెనెట్ అను పురాతత్త్వవేత్త త్రవ్వించిన ఈ ఇండ్లు క్రీ. పూ. 7వ శతాబ్దమునాటివి. వీనిలో పడుగుదారములు బిగియుటకై మగ్గమునకు వ్రేలాడగట్టు గుండ్లును, ఏదోము రాజు కోస్-గబ్రు ముద్రయు దొరకినవి. ఇచట రాజులేకాక, బట్టలు నేసికొని బిడ్డలను పెంచుకొన్న సామాన్యులును కాపురముండిరన్నమాట! ఆ గోడప్రక్క నిలిచి లోయలోనికి చూచినప్పుడు, ఓబద్యా గ్రంథమున తన్నెవడు క్రిందికి దింపగలడని ఏదోము గర్వించి తలపోయుటలో వింత తోపలేదు. ఆ ఎత్తున నాకును అట్టి ధైర్యమే కలిగినది.

నైరృతి దిక్కున అహరోను సమాధియని చెప్పబడు తెల్లని కట్టడముతో హారూన్ కొండ కనుపించినది. అహరోను దినములలోనే ఐగుప్తునుండి వచ్చు ఇశ్రాయేలీయులు రాజమార్గమున పోనిండని వేడుకొనినను, నీళ్లు త్రాగినచో వెల యిచ్చెదమనినను, ఏదోము రాజు దారి యీయలేదు. ఏదోమీయుల మూలపురుషుడగు ఏశావు, ఇశ్రాయేలీయుల మూలపురుషుడగు యాకోబు ఒక్క గర్భమున పుట్టిన కవలలు కదా! తరతరముల పిమ్మట, క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోను రాజగు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును కూల్చినప్పుడు, ఆ కఠినత్వమే పండినది. ఓబద్యా మోపిన నేరములు ఆ దినమునకే సంబంధించినవని పెక్కుమంది పండితుల మతము. వాని క్రమము నన్ను మిక్కిలి కలచివేసినది: మొదట ఏదోము ఎడముగా నిలిచి చూచినది, పిమ్మట సంతోషించినది, ఆపై గుమ్మమున జొరబడి దోచినది, తుదకు దారులు కలియుచోట కాచియుండి, ప్రాణములు దక్కించుకొని పారిపోవు వారిని శత్రువునకు అప్పగించినది. తనకెవరి అక్కరయు లేదనుకొన్నవానికి సహోదరుని కూలుబాటు చూడ వేడుకయగును. గర్వమును సంపదకును ఆడంబరమునకును చెందిన దోషముగా బోధించి విడుచు మన ప్రసంగములలో, ఈ ఎడముగా నిలుచుటను గూర్చి చెప్పువారు అరుదు.

దిగివచ్చి మరల ఖజ్నె చేరితిని. అది నబతీయ రాజగు నాల్గవ అరెత సమాధియని పెక్కుమంది తలంతురు. ఆయన కుమార్తెను పెండ్లాడిన హేరోదు అంతిప తండ్రివైపున ఏదోము సంతతివాడు. ఆమెను త్రోసివేసి, తన సహోదరుని భార్యయగు హేరోదియను చేపట్టినవాడు. అది తగదన్న బాప్తిస్మమిచ్చు యోహాను శిరస్సు తీయించినవాడును అతడే. అటుపిమ్మట అరెత సేనలు అంతిప దండును చిత్తుగా ఓడింపగా, ఇది యోహాను హత్యకు దేవుడు విధించిన శిక్షయని యూదులలో కొందరు చెప్పుకొనిరని చరిత్రకారుడగు యోసేపస్ వ్రాసెను.