ఆక్టేను నంబరూ మా పేట వ్యానూ

మా పేటలో మొదటి కారు కొన్నది మా నాన్నే. కారంటే పెద్ద కారేం కాదు, మారుతీ వ్యాను. 1984లో వచ్చిన బండి అది. తర్వాత ఓమ్నీ అన్నారు. 2019లో తయారీ ఆపేశారు. మాది సెకండ్ హ్యాండ్‌ది, పాత కార్బురేటరు బండి. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య మా ఊరు. రోడ్డుకి దక్షిణాన కొల్లేరు.

అంతకుముందు ఇరవయ్యేళ్లు మా నాన్న ఆసాముల బళ్లు తోలాడు. స్టీరింగు ఆయనది, సీటు వాళ్లది. పెళ్లికెళ్తే బండి పందిరి ముందు ఆగేది. ఆయన విస్తరి మాత్రం పెరటి గోడవతల పడేది. మా నాయనమ్మకి గుండెల్లో నొప్పొచ్చిన రాత్రి ఊళ్లో రెండు కార్లున్నాయి. ఒక్కటీ పేటలోకి రాలేదు. "బురదలో దిగబడిపోద్దిరా" అన్నారు. మంచమ్మీద మోసుకుని రోడ్డెక్కేసరికి ఆమె ప్రాణం పోయింది. 108 బండ్లు వచ్చింది 2005లో. అది చాలా ముందటి సంగతి. అందుకే వ్యాను మాకు సోకు కాదు. అర్ధరాత్రి తాళం తిప్పితే అది స్టార్టవ్వాలి. అంతే.

మా తమ్ముడు పదమూడో ఏట తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డులో చేరాడు. ట్యాంకులోంచి పెట్రోలు దించాలంటే గొట్టం నోట్లో పెట్టి పీల్చడం కుర్రాళ్ల పని. ఆ షెడ్డులో కుర్రాళ్లంతా మా మాలపేటల నుంచీ, మాదిగ గూడేల నుంచీ వచ్చినవాళ్లే. ఆ పెట్రోల్లో సీసం ఉండేది. దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరి 1 నుంచి. సీసం పిల్లల మెదడుకి విషం. అదెందుకు కలుపుతారో ఆ నోళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆక్టేను పెంచడానికి.

ఏంటీ ఆక్టేను? ఇంజన్లో పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరిని పిస్టను నొక్కుతుంది. ప్లగ్గు నిప్పు రవ్వ వేశాక మంట వరసగా పాకాలి. మంట చేరకముందే మిగిలిన ఆవిరి దానంతటదే భగ్గుమంటే లోపల టకటకా కొట్టుకుంటుంది. నాకింగ్ అంటారు దాన్ని. అలా అంటుకోకుండా ఓర్చుకునే గుణానికి కొలత ఆక్టేను. బలానికి కొలత కాదు. ఎక్కువ ఒత్తిడితో నొక్కే ఇంజనుకి ఎక్కువ నంబరు కావాలి. మా వ్యాను అలాంటిది కాదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఓ మాదిరి ఒత్తిడి. అది పుట్టిన రోజుల్లో మామూలు పెట్రోలు 87 ఆక్టేను. దాంతోనే హాయిగా నడిచింది.

అయినా బంకులో "పవర్ పెట్రోల్ కొట్టించండి, బండి పరిగెత్తుద్ది" అంటారు. నంబరు పెద్దదైతే పుట్టుకతోనే గొప్ప అనే బుద్ధి ఈ దేశంలో పెట్రోలు బంకు దగ్గరే మొదలవలేదు. ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆక్టేనే 95. మా వ్యానుకి కావాల్సినదానికంటే అది ఎక్కువే. పైన ఇంకో డబ్బు దండగ. ఆ డబ్బుతో ఆయిలు మార్చుకోవచ్చు.

పాత బండికి తంటా ఆక్టేనుతో కాదు, ఇథనాల్‌తో. మైలేజీ కొంత తగ్గుతుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు మెత్తబడి చీలతాయి. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. అక్కడ పెట్రోలు కారితే నిప్పుతో ఆటే. గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించాలి. పెట్రోలు వాసనొస్తే ఆ రోజు బండి తీయకూడదు. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది. కొల్లేటి గాలి సంగతి తెలిసిందేగా. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా పెట్టి నెలలు వదిలేయకూడదు.

నాకింగ్ వినపడితే బంకుకి కాదు, బానెట్టుకీ సీటు కిందకీ చూడాలి. టైమింగు తప్పిందా, మసి పేరుకుందా, ఇంజను వేడెక్కుతోందా? మా నాన్న పద్ధతి ఇది: పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి ఆయిలు చూడు. కూలెంటు చూడు, వేడిమీద రేడియేటరు మూత తీయకు. ఊక దుమ్మున్న చోట ఎయిర్ ఫిల్టరు తరచూ దులుపు. ప్లగ్గుల గ్యాపు చూడు. టైమింగ్ బెల్టు తెగేదాకా ఆగకు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదొచ్చి కొల్లేటి ఊళ్లు మునిగాయి. ఇంజను నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. ముందు ఆయిలు చూడాలి. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. ఇది తెలియక బండి పోగొట్టుకుంటే ఆసామికి ఇంకోటి వస్తుంది. కూలికి అప్పు మిగులుతుంది.

మా నాన్నకి బండి తోలడం మాత్రమే చేతికిచ్చారు. బండి గురించిన చదువు ఎవరూ ఇవ్వలేదు, చూసి పట్టుకున్నాడు. చెరువుల పనికెళ్లే కూలీలు, ఏలూరు పెద్దాసుపత్రికెళ్లే పురుటి మనుషులు ఎక్కారా వ్యాను. ఇప్పుడు తమ్ముడు పేట పిల్లలకి, ఆడపిల్లలతో సహా, ఆ చదువు చెప్తున్నాడు. పెట్రోలు దించడానికి చేతి పంపు కొన్నాడు. గొట్టానికి ఎవర్నీ నోరు పెట్టనివ్వడు.