గడప దాకా రావలసిన దారి

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర మెట్రో స్టేషన్ 2020 ఫిబ్రవరిలో తెరుచుకుంది. అందులో లిఫ్టు ఉంది. చూపు లేనివారి చేతికర్రకు దారి చెప్పే గరుకు పలకలు నేల మీద పరిచి ఉన్నాయి. ప్లాట్‌ఫారం, రైలు పెట్టె ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటాయి. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి ఎవరినీ బతిమాలకుండా రైలెక్కవచ్చు. అదే మనిషి బయటికొచ్చి సిద్దిపేట వైపు పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కాలంటే ఇద్దరు ఎత్తి పట్టుకోవాలి. రాజీవ్ రహదారి మీద సిద్దిపేట జిల్లా కొండపాకకు పోయే ప్రయాణం ఈ తేడాతోనే మొదలవుతుంది.

2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఎంతో మందికి మేలు చేసిన నిర్ణయం. పోలియోతో కాలు సన్నబడిన అక్కకు కూడా ఛార్జీ సున్నా అయింది. బస్సు మెట్టు మాత్రం అంతే ఎత్తున ఉంది. డబ్బు అడ్డం తొలగినా మెట్టు అడ్డం ఉన్నంతకాలం ఆ ప్రయాణం ఆమెది కాదు.

కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ దాటుతాం. ఈ వరుసలోనే ప్యారడైజ్ నుంచి షామీర్‌పేట ఔటర్ రింగ్ రోడ్డు వైపు దాదాపు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. పైన కార్లకు వేగం వస్తుంది. కింద నడిచేవాళ్ల సంగతి కూడా నక్షాలోనే తేలాలి: ఫుట్‌పాత్ ఎంత వెడల్పు, రోడ్డు దాటేచోట అంచు ఎక్కడ వాలుగా దిగుతుంది, స్తంభం ఎవరి దారికి అడ్డొస్తుంది. కాంక్రీటు పడ్డాక ఈ ప్రశ్నలు అడిగితే పగలగొట్టడం తప్ప జవాబుండదు.

షామీర్‌పేటలో కాసేపు ఆగాలి. చెరువు వల్ల అందరికీ తెలిసిన ఈ ఊళ్లోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. బహిరంగ స్థలాలు తనలాంటి వారికి అందుబాటులో లేవని రాజీవ్ రాటూరి అనే చూపు లేని వ్యక్తి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017లో కోర్టు ఆదేశాలిచ్చింది, పని నడవలేదు. చివరికి దేశంలో పరిస్థితి ఎలా ఉందో చెప్పమని నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్నే కోర్టు అడిగింది. ఆ నివేదిక ఆధారంగా 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది.

తీర్పు సారాంశం ప్రతి ఊరి పంచాయతీ కార్యదర్శికీ, ప్రతి ఇంజనీరుకూ తెలియాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 'చేసి తీరాలి' అంటోంది. దాని కింద 2017లో చేసిన 15(1) నిబంధన ప్రమాణాలను సలహాల స్థాయికి దించేసింది. అది చెల్లదని కోర్టు కొట్టేసింది. ఎవరూ తప్పించుకోవడానికి వీల్లేని కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ప్రమాణాలు పాటించని భవనానికి అనుమతి గానీ, పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదని చట్టంలోని 44వ సెక్షన్ ముందే చెప్పింది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆపైన 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. దేశమంతటికీ వర్తించే ఈ మాటకు ఆధారం మన రాజీవ్ రహదారి పక్క ఊళ్లో తయారైంది. ఇంత దగ్గర పుట్టిన మాట ఇదే రోడ్డు వెంట ఎంత దూరం పోయిందన్నదే నా ప్రశ్న.

తుర్కపల్లి, ఒంటిమామిడి కూరగాయల మార్కెట్, ములుగు, గౌరారం వెనక్కి పోతాయి. ప్రజ్ఞాపూర్ దగ్గర పక్కకు తిరిగితే గజ్వేల్. మల్లన్నసాగర్ జలాశయం కింద తొగుట, కొండపాక మండలాల్లో ఎనిమిది గ్రామాలు మునిగాయి. కొండపాక మండలంలోని ఎర్రవల్లి, సింగారం అందులోవే. ఆ జనానికి గజ్వేల్ పక్కన పెద్ద కాలనీ కట్టారు. పాత ఊళ్లో కళ్లు లేని తాత గోడ తడుముకుంటూ, ఏ మలుపు తర్వాత ఏ అరుగు వస్తుందో కాళ్లతోనే గుర్తుపట్టి నడిచేవాడు. ఊరు మారితే ఆ జ్ఞానమంతా నీళ్లలో పోతుంది. అలాంటివాడికి కొత్త ఊరే దారి చూపాలి. ఖాళీ నేల మీద గీత గీసి కట్టే కాలనీలో రోడ్డు మట్టం, మోరి మీద మూత, గడప ఎత్తు ముందే సరిచూసుకోవడానికి ప్రత్యేకమైన డబ్బేమీ అక్కర్లేదు. ఆ మనిషి ఉన్నాడని నక్షా గీసేటప్పుడు గుర్తుంటే చాలు.

కుకునూర్‌పల్లి దాటితే దుద్దెడ. 2021 జూన్‌లో ప్రారంభమైన జిల్లా సమీకృత కలెక్టరేట్ ఇక్కడే. వికలాంగుల హక్కుల చట్టం 2017లో అమల్లోకి వచ్చాక కట్టిన భవనం కాబట్టి మొదటి రోజు నుంచే అది వర్తిస్తుంది. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వైకల్య సర్టిఫికెట్ పట్టుకుని, పింఛను కాగితం పట్టుకుని వచ్చేవాళ్లకు జిల్లాలో ఇదే పెద్ద గుమ్మం. అయితే గుమ్మం దగ్గరి ర్యాంపు ఒక్కటే సరిపోదు. బస్సు దిగిన స్టేజీ, వేగంగా లారీలు పోయే నాలుగు వరుసల రోడ్డు, డివైడర్ సందు, గేటు, లోపలి దారి, కౌంటర్ ఎత్తు, మరుగుదొడ్డి తలుపు: గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా మిగతావన్నీ దండగే.

రోడ్డు దిగి కొండపాకలోకి వస్తే కాకతీయుల కాలం నాటి రుద్రేశ్వరాలయం ఉన్న పాత ఊరు. ఇక్కడ లెక్క మరీ సులువు. ప్రమాణం ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలి. మూడడుగుల ఎత్తున్న బడి వరండాకు ముప్పై ఆరు అడుగులు, మధ్యలో ఆగడానికి చదును, రెండు వైపులా పట్టుకునే కడ్డీ. మన ఊళ్లలో ఎనిమిది అడుగుల్లో ముగించే ర్యాంపులు చాలా చూస్తాం. వాటి మీద చక్రాల బండి ఎక్కదు, దిగితే ఆగదు. ఖర్చు రాశారు, పని కాలేదు. తలుపు మూడడుగుల వెడల్పు, బండి గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల జాగా ఉండాలన్నవి మేస్త్రీ టేపుతో నిమిషంలో కొలిచే సంగతులు.

అందుకే నా మాట ఒకటే. పంచాయతీ ఆఫీసైనా, బడైనా, దవాఖానైనా కాంట్రాక్టరు ఆఖరి బిల్లు పాసయ్యే ముందు ఊళ్లో వీల్‌చైర్ వాడే ఒకరిని, చేతికర్రతో నడిచే ఒకరిని బస్ స్టేజీ నుంచి లోపలి బల్ల దాకా, అక్కడి నుంచి మరుగుదొడ్డి దాకా వెళ్లి రమ్మనాలి. వాళ్లు ఎవరి సాయం లేకుండా తిరిగొచ్చి సరేనంటేనే ఇంజనీరు సంతకం పెట్టాలి. కొలతల పుస్తకంలో వాళ్ల మాట కూడా రాయాలి. ఈ ఏర్పాటు గ్రామసభ తీర్మానంతో రేపే మొదలుపెట్టవచ్చు. ఢిల్లీ నిబంధనల కోసం కొండపాక ఎదురుచూడనక్కర్లేదు.