లోహపు గాజు

గాజు అన్న మాటని మన తెలుగువాళ్ళు వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదేమో. కిటికీకి బిగించేదీ గాజే, చేతికి తొడిగేదీ గాజే. ఆ తొడిగేది బంగారంతో చేయించినా పేరు మాత్రం గాజే! అందుకే మా మేనకోడలు తన పరిశోధన లోహపు గాజుమీద అని చెప్పగానే మా అక్కయ్య, "ఎన్ని తులాలే?" అని అడిగింది.

మామూలు లోహంలో అణువులు బంతిభోజనానికి కూర్చున్నట్టు వరసగా ఉంటాయి. కరిగిస్తే లేచి కలగాపులగమవుతాయి. మళ్ళీ వరస తీరే వ్యవధి ఇవ్వకుండా చప్పున చల్లార్చామా, ఆ కలగాపులగంలోనే బిగుసుకుపోతాయి. అదే లోహపు గాజు. 1960లో అమెరికాలో, కాల్టెక్‌లో పోల్ డువే, ఆయన సహచరులూ సెకనుకి పది లక్షల డిగ్రీల జోరున చల్లార్చి దీన్ని సాధించారు. దేనితో అనుకున్నారు? బంగారమూ సిలికానూ కలిపి! అక్కయ్య ప్రశ్న మరీ అసందర్భమేమీ కాదు.

అయితే వచ్చింది పల్చని రేకు. మందంగా పోస్తే లోపలిభాగం నిదానంగా చల్లారి వరసలు కట్టేస్తుంది. 1993లో పీకర్, జాన్సన్ అనేవారు అయిదు లోహాలు కలిపి సెంటీమీటరు పైచిలుకు మందం తెచ్చారు గాని, అందులో ఒకటి విషప్రాయమైన బెరీలియం.

మా పిల్ల పట్టుకున్నది పొడి మార్గం. కరిగిన లోహపు ధారమీదికి ఆర్గాన్ వాయువును జోరుగా కొడితే తుంపరలై పొడి రాలుతుంది. రేణువు మహా అయితే వెంట్రుక మందం గనక క్షణంలో చల్లారి గాజవుతుంది. ఆ పొడిని గ్రాఫైట్ అచ్చులో పోసి, నొక్కుతూ, కరెంటు పంపి వేడిచేస్తే దిమ్మ కడుతుంది. చెప్పడానికి ఇంతే. వేడి తక్కువైతే రేణువులు అంటుకోవు. ఎక్కువైనా, ఆలస్యమైనా అణువులు మళ్ళీ బంతి తీరుస్తాయి. జాన్సన్‌గారి మిశ్రమానికి ఉన్న వెసులుబాటు సుమారు 350 నుంచి 430 డిగ్రీల దాకా. చలిమిడి పాకం పట్టిన ఇల్లాలికి ఈ బాధ నేను చెప్పాలా?

అయింది గాజో కాదో ఎక్స్‌రే చెబుతుంది. గాజయితే గీత నున్నగా గుట్టలా వస్తుంది. వరస కట్టితే ముళ్ళలా నిక్కుతుంది. పోయిన శ్రావణంలో, ఏడాదిపాటు కూడబెట్టిన పొడిలో సగం పోసి చేసిన దిమ్మకి ముళ్ళు వచ్చాయి. ఉపకారవేతనం ఇంక అయిదు నెలలే. "మావయ్యా, ముళ్ళు" అని ఫోనులో రెండే మాటలని ఊరుకుంది.

అక్కయ్య నన్ను రాయబారం పంపింది. "ఒరేయ్, నీ మాటయితే వింటుంది. అది మానేసి ఉద్యోగం చూసుకోమను. దాని వయసు ఆగుతుందా?"

రైలెక్కి హైదరాబాదు వెళ్ళాను. పిల్ల ఏడవలేదు సరికదా, రూపాయిబిళ్ళంత దిమ్మ నా చేతిలో పెట్టి, "తప్పు వేడిది కాదు మావయ్యా, పొడిదే. ముతక రేణువులు నిదానంగా చల్లారి ముందే వరస కట్టేశాయి. జల్లించి సన్నవే వాడాలి. మిగిలిన పొడి జల్లిస్తే రెండు దిమ్మలకి వస్తుంది" అంది. సన్నవాటిమీద ఆక్సైడు పొర ఎక్కువట, అది రేణువుల్ని కలవనివ్వదట. అదీ తనే చెప్పింది, దాచకుండా.

అక్కయ్య మాట పొల్లుపోకుండా ఒప్పజెప్పాను. అడిగింది గనక నా మాటా చెప్పాను: ఆ అయిదు నెలలూ వాడుకోమన్నాను.

అక్కయ్య పదిరోజులు నాతో మాట్లాడలేదు. మొదటి దిమ్మ ఈ నెలాఖరుకి అచ్చులోకి వెళుతుంది. నిన్న పొద్దున్నే ఫోను చేసి, "ఒరేయ్, రావలసింది గుట్టే కదూ?" అంది.