భయపెట్టిన ఫోటోలు, భయపెట్టని కథ

ఇంగ్లీషు అలవాటు కావాలని ఈ ఏడాది రాత్రి స్టడీ అయ్యాక మేం పదిమందిమి వంతులవారీగా ఒక నవల చదివాం. పేరు ‘మిస్ పెరెగ్రీన్స్ హోమ్ ఫర్ పెక్యూలియర్ చిల్డ్రన్’. రాన్సమ్ రిగ్స్ రాసిన ఈ పుస్తకం 2011లో వచ్చింది. అందులోని ఫోటోలు చాలావరకు పాతఫోటోలు సేకరించేవాళ్ల దగ్గర దొరికిన నిజమైనవే. అట్టమీద గాలిలో తేలే పాప బొమ్మ చూసి మాలో చిన్నవాళ్లు రాత్రి ఒంటరిగా బయటకు వెళ్లలేదు.

కథ మాత్రం నిరాశపరిచింది. తాతయ్య చావు మిస్టరీతో మొదలై, చివరికి పరుగులు, పోరాటాలే మిగిలాయి. ఫోటో దొరికింది కాబట్టి పాత్రను పెట్టినట్టుంది. ఆ తాతయ్య పోలండ్ యూదుడు. ఆయన కుటుంబాన్ని నాజీలు బలిగొన్నారు. అంతకు మించిన రాక్షసులుంటారా? రచయిత మాత్రం కల్పిత రాక్షసుల వెంటే పోయారు.

ఆ హోమ్ పిల్లలు 1940 సెప్టెంబరు 3వ తేదీనే రోజూ మళ్లీ మళ్లీ గడుపుతారు. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండే మాకు ఆ పిల్లల మనసులే ఇంకా తెలుసుకోవాలనిపించింది. మాకు కాలం ఆగదు. పదో తరగతి కాగానే పెట్టె సర్దుకోవాల్సిందే. ఇల్లు వదిలిన పిల్లల అసలు కథ మాలోనే ఒకరు రాస్తారని మా నమ్మకం.