ఓడికొలోన్ ఊరు

తార్నాకలో మా చిన్నతనాన జ్వరం వస్తే అమ్మ రుమాలు ఓడికొలోన్‌లో తడిపి నుదుట వేసేది. ఆ మాటకు ‘కొలోన్ నీళ్లు’ అని అర్థమనీ, కొలోన్ జర్మనీలో రైను నది ఒడ్డున వుందనీ ఉస్మానియాలో చేరాక గాని తెలియలేదు. మొన్న ఆ ఊరు చూశాను.

రైలు స్టేషను గుమ్మం దాటగానే ఎదుట కెథడ్రల్! మసిబారిన రాయి, 157 మీటర్ల జంట శిఖరాలు. మా ఆర్ట్సు కాలేజీకి 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. దీన్ని 1248లో మొదలుపెట్టి, నడుమ పని ఆపేసి, 1880లో ముగించారు. సగం లేచిన దక్షిణ గోపురంమీద బరువులెత్తే కొయ్య యంత్రం మూడువందల ఏళ్లకు పైగా అలాగే వుండిపోయిందట! యుద్ధంలో బాంబులు ఊరిని నేలమట్టం చేసినా, కెథడ్రల్ మాత్రం దెబ్బలు తిని నిలిచింది.

పైకి 533 మెట్లు. నా మోకాళ్లకు తగని పని సుమండీ! అయినా ఎక్కాను. రైను, వంతెన, దాని కమ్మీలకు ప్రేమికులు తగిలించిన తాళాలు, అన్నీ కనిపించాయి.

దిగివచ్చి ఒక సీసా కొన్నాను. 1709 నుంచీ అక్కడ తయారవుతున్న సరుకు. ఇల్లు చేరి మూత తీశాను. చూపు ఆనని అమ్మ గది లోపలినుంచి అడిగింది:

“జ్వరం ఎవరికిరా?”