అగ్నిపర్వతం బూడిద బస్తా కొనే ముందు ఇది చదవండి



ఈ మధ్య "అగ్నిపర్వతం బూడిద, నేలకి బంగారం" అంటూ బస్తాలు అమ్మేవాళ్లు మా ఊరికి కూడా వచ్చారు. జపాన్‌లో ఆ నేలలు ఎంత పచ్చగా ఉంటాయో ఫోన్లో ఫొటోలు చూపించారు. ఫొటోలు అబద్ధం కాదు. కానీ వాళ్లు చెప్పేది సగమే. మిగతా సగం నేను చెప్తా, ఓపిగ్గా చదవండి.

జపాన్‌లో మెట్ట పైర్లు వేసే భూమిలో దాదాపు సగం బూడిద నేలే. కురొబొకు అంటారు. నల్లగా, గుల్లగా ఉంటుంది. మన మట్టి లీటరు డబ్బా నిండా పోస్తే కిలో పావు అటూ ఇటూ తూగుతుంది, అది ఆరిన మట్టి 900 గ్రాములు కూడా తూగదు. నీళ్లు బాగా పట్టుకుంటుంది, దున్నడం తేలిక. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా భాస్వరం దగ్గర. బూడిద వానకి నానీ నానీ అల్లోఫేన్ అనే ఖనిజంగా మారుతుంది. దాని రేణువు లోపల డొల్లగా ఉండే గుండు, సైజు మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. దానిమీద ఉండే అల్యూమినియం మనం వేసిన భాస్వరాన్ని పట్టేసుకుంటుంది. ల్యాబులో భాస్వరం ద్రావణం కలిపి చూస్తే నూటికి 85 పాళ్లు, ఇంకా ఎక్కువ కూడా మట్టే మింగేస్తుంది. అందుకే అక్కడి రైతులు ఏళ్ల తరబడి భాస్వరం దండిగా వేసి ఆ నేలల్ని దారికి తెచ్చుకున్నారు. ఆ ఫొటోల వెనకాల అంత ఖర్చుంది.

ఈ ఖనిజం ఎక్స్-రే పరీక్షలో సరిగ్గా దొరకదు, దానికి పలుకుల్లాంటి వరస ఉండదు. అందుకే రసాయన పరీక్ష చేస్తారు. మట్టిని సోడియం ఫ్లోరైడ్ ద్రావణంలో కలిపితే రెండు నిమిషాల్లో పీహెచ్ 9.5 దాటుతుంది. 1966లో న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు దీన్ని పొలంలోనే చూసే పద్ధతి చెప్పారు: ఫినాఫ్తలీన్ పట్టించిన కాగితం మీద మట్టి పెట్టి ఆ ద్రావణం చుక్కలు వేస్తే కాగితం ఎర్రబడుతుంది.

మరి బూడిద మన దగ్గర లేదా అంటే, ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, మనిషి ఎత్తు మించిన బూడిద పొర ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేసియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాల్లో వచ్చి పడింది, చుట్టూ కొండల మీద పడింది కూడా వాననీటికి కొట్టుకొచ్చి అక్కడే చేరింది. అది టోబాదే అని ఎలా తేల్చారు? అందులోని గాజు రేణువుల రసాయన లెక్క టోబా బూడిదతో సరిపోయింది. నూటికి 70 పాళ్ల పైన సిలికానే.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. వాన తక్కువ, పైన మట్టి కప్పేసింది. అన్ని వేల ఏళ్లైనా ఆ గాజు గాజుగానే ఉంది! అలాంటి పొడి మన మెట్ట చేలో చల్లితే ఈ ఖరీఫ్‌కి కరిగి పైరుకి అందుతుందా?

ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి కూడా అగ్నిపర్వతం నుంచి వచ్చిందే. కాకపోతే అది బూడిద కాదు, పారిన లావా గట్టిపడిన రాయి చివికి ఏర్పడింది. అందులో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను. అందుకే తడికి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది. సున్నం ఉన్న చోట భాస్వరాన్ని కాల్షియం పట్టేస్తుంది. అక్కడ అల్యూమినియం, ఇక్కడ కాల్షియం. దొంగ వేరు, పోయే డబ్బు ఒకటే.

అందుకని బస్తా అమ్మేవాణ్ణి రెండు అడగండి. మొత్తం పోషకాలు కాదు, పైరుకి అందేది ఎంత? ఏ ల్యాబు రిపోర్టు? కాగితం చూపకపోతే దండం పెట్టి పంపించండి. ఆ డబ్బుతో పశువుల ఎరువు తోలించుకోండి. భూసార కార్డులో భాస్వరం ఎంతుందో చూసి, డీఏపీ అవసరమైతేనే, పైపైన చల్లకుండా విత్తేటప్పుడు సాలులో గింజకి కాస్త పక్కగా పడేలా వేయండి. మట్టికి తగిలేది తగ్గితే వేరుకి దక్కేది పెరుగుతుంది.

మీ కార్డులో భాస్వరం ఎంతుందో రాయండి, మాట్లాడుకుందాం.